ఎస్తేరుకు తగిన కొలువు

ఎస్తేరు మెట్రిక్ పాసయిందన్న కబురు వచ్చిననాడు సువార్తమ్మ నెత్తిమీద ఎరువు గంప ఉంది. గరిడేపల్లి చెరువు కింది పొలాలకు పెంట మోసే రోజులవి. చర్చి సంఘం పెద్ద గట్టుమీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేసి చెప్పాడు. ఆమె గంప దించలేదు. మడి దాకా మోసుకుపోయి, కుమ్మరించి, ఆ ఖాళీ గంప పక్కనే కూలబడి ఏడ్చింది. ఎవరో పోయారనుకుని తోటి కూలీలు పరుగెత్తుకొచ్చారు.

పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. అంతకుముందు రజాకార్ల భయానికి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిన రోజుల్లో, భర్త విషజ్వరంతో పోయి ఇల్లు చీకటైన రోజుల్లో కూడా సువార్తమ్మ కూతురి చదువు మానిపించలేదు. సూర్యాపేటలో బడి మూతబడితే ఇంటికి తెచ్చుకుంది, తెరిస్తే మళ్లీ పంపింది. ఎందుకు పంపుతున్నావని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. "చదవనీ" అనేది, అంతే.

పాసయ్యాక మాత్రం జవాబు చెప్పక తప్పలేదు.

"ఇగ ఏం చేపిస్తవ్ బిడ్డతోని?" అని అడిగారు వాడలో. "మెట్రిక్ పాసైందని నాటుకు కూలి ఎక్కువిస్తరా ఏంది?" అని నవ్వారు కొందరు. ఆ నవ్వులో చెడు లేదు. ఆ వాడనుంచి హైస్కూలు గడప దాటిన మనిషే లేకపోతే, దాని అవతల ఏముంటుందో ఎవరికి తెలుస్తుంది? సువార్తమ్మకూ తెలియదు. ఆమెకు తెలిసిన మనుషుల్లో ఆ సంగతి తెలిసింది శాంతకుమారి టీచరు ఒక్కతే.

శాంతకుమారి సూర్యాపేటలో లెక్కలు చెప్పేది, ఆడపిల్లల హాస్టలు చూసుకునేది. ముప్పై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, నడక మాత్రం పొడుగువాళ్లు అందుకోలేనంత వడి. పెళ్లి చేసుకోలేదు. పరీక్షలు కాగానే తన పని తీరిపోయిందని తువాలు దులుపుకునే రకం కాదు. "బడి గేటు దాక తెచ్చి వదిలిపెడితే, పడవ ఎక్కిచ్చి నడిఏట్ల దిగుమన్నట్టే" అనేది. పాసైన ప్రతి పిల్లకూ ఎక్కడో ఒక తావు కుదిరేదాకా ఆమెకు కునుకు పట్టదు. పై అధికారులెవరూ ఆ పని ఆమెకు అప్పగించలేదు. సెలవు రోజుల్లో బస్సెక్కి, దిగి, నడిచి, తెలిసినవాళ్ల గుమ్మాలూ తెలియనివాళ్ల గుమ్మాలూ ఎక్కి దిగి, తనకు తానే నెత్తికెత్తుకున్న పని అది.

ఎస్తేరుకు కూడా ఫలితాలు రాకముందే చూసి పెట్టింది. సూర్యాపేటలోనే ఒక దవాఖానలో నర్సు శిక్షణ. ఉండటానికి గది, కట్టుకోవడానికి తెల్ల చీరలు వాళ్లే ఇస్తారు. సువార్తమ్మ సంతోషానికి అంతులేదు. తన కూతురు తెల్లచీర కట్టి మంచాల మధ్య తిరుగుతున్నట్టు ఊహించుకుని, పెంట మోస్తూ తనలో తనే నవ్వుకునేది.

ఆ సంతోషం నాట్లు అయ్యేదాకా కూడా నిలవలేదు.

ఒకనాడు పొద్దుగూకే వేళకు ఎస్తేరు మోకాళ్లదాకా బురదతో, చంకలో బట్టల మూటతో గుడిసె ముందు నిలబడింది. హుజూర్‌నగర్ దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి వానలో నడిచి వచ్చింది.

"అమ్మా, నెత్తురు సూడలేకపోతున్న" అంది.

ఎద్దు పొడిచిన మనిషికి కట్టు కడుతుంటే కళ్లు తిరిగి పడిందట మొదటిసారి. కొత్తలో అందరికీ అంతేనని అక్కడివాళ్లు ధైర్యం చెప్పారు. పళ్లు బిగబట్టి మళ్లీ నిలబడింది. కాన్పు గదిలో మళ్లీ పడింది. "రోగం వచ్చినోళ్లను పట్టుకోవాల్సిన నన్నే ఇద్దరు పట్టుకోవాల్సొచ్చె. వాళ్లు పొమ్మనలే అమ్మా. నాకే మొకం చెల్లలే."

సువార్తమ్మ కొట్టలేదు, తిట్టలేదు. గంజి పోసి, తడిబట్టలు మార్చుకోమని తన చీర ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే నాటుకు వెంట తీసుకుపోయింది. ఆ మౌనం ఎస్తేరుకు దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

అటుపైన వచ్చిన ఆదివారం ఆరాధన ముగిసీ ముగియకముందే ఆసామి మనిషి వచ్చి, నీళ్లు పారుతున్నాయి, ఈ ఒక్క మడి అయిపోవాలని అందరినీ పొలానికి తీసుకుపోయాడు. అక్కడికి వచ్చింది శాంతకుమారి, గొడుగు పట్టుకుని, జారే గట్టుమీద ఒక్కో అడుగూ చూసి వేస్తూ. ఆమెను ముందుగా చూసింది సువార్తమ్మే. ఇప్పించిన కొలువు వదిలేసి వచ్చినందుకు నలుగురిలో నిలదీస్తుందేమో అనుకుంది. కానీ టీచరు ఆమెను పలకరించలేదు. గట్టుమీదే ఆగిపోయి, గొడుగు ముడిచి, మడిలోకి చూస్తూ నిలబడింది.

మడిలో అప్పుడు గొడవ జరుగుతున్నది. ముసలి పిచ్చమ్మకు వచ్చిన వరస మడి నడిమధ్యన, లోతు బురదలో పడింది. ఆమె వెనకబడుతుంటే పక్క వరసల వాళ్లు ఆగాల్సి వస్తున్నది. ఒకామె విసుక్కుంది, పిచ్చమ్మ ఎదురు తిట్టింది, ఇద్దరి తరఫునా మాటలు లేచాయి. చేతుల్లో నారు అలాగే ఉంది, పని ఆగింది. ఆసామి మనిషి అరుస్తున్నా వినేవాళ్లు లేరు.

ఎస్తేరు నడుం ఎత్తి నిలబడింది. అరవలేదు. అయినా ఆ గొంతు మడి ఆ కొసనుంచి ఈ కొసకు స్పష్టంగా వినబడింది.

"పిచ్చమ్మవ్వా, నువ్వు గట్టు దిక్కుకు రా. గీడ గట్టిగున్నది నేల. నీ వరస నేను పట్టుకుంట. వదినె, నీకు పసిపిల్ల ఉన్నది గద, నువ్వు చెట్టు దిక్కు కొసకు పో. పిల్ల ఏడిస్తే జల్దిన పోయి పాలిచ్చి రావచ్చు. మిగిలినోళ్లం ఒక్కో అడుగు జరుగుదాం. ఇగ ఎవరికన్న కష్టమైతదా? అయితే ఇప్పుడే చెప్పున్రి."

పిచ్చమ్మ గొణుక్కుంటూనే గట్టువైపు నడిచింది. నడుములు మళ్లీ వంగాయి.

అప్పుడు శాంతకుమారి చెప్పులు విడిచి, చీర మోకాళ్లపైకి దోపుకుని మడిలోకి దిగింది. సువార్తమ్మ పక్క వరసలో నిలబడి, కట్టనుంచి నారు తీసుకుని నాటడం మొదలుపెట్టింది. సువార్తమ్మకు ఏం చేయాలో తోచలేదు. చదువు చెప్పే మనిషి బురదలో దిగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"టీచరమ్మా, మీరు గట్టు మీద కూసోన్రి. నేనే వస్త."

"నువ్వు పైకొస్తే నీ కూలి పోతది. నేను దిగితే నాదేం పోదు. అక్కా, నీ బిడ్డ మీద కోపంగున్నవా?"

అక్కా అన్న ఆ పిలుపుకు సువార్తమ్మ నాటడం ఆపి ఆమె వైపు తిరిగింది. "కోపం కాదు. సిగ్గయితున్నది. మీరు ఇప్పిచ్చిన కొలువు ఇడిసిపెట్టొచ్చింది. మీ మొకం ఎట్ల సూడాలె నేను?"

"తప్పు ఆమెది కాదక్కా, నాది. క్రైస్తవుల పిల్ల, మెట్రిక్ పాసైంది, ఇగ నర్సే అనుకున్న. అందరం గట్లనే అనుకుంటం. నీకు ఏ పని వస్తది, ఏది నచ్చుతదని పిల్లను అడగలే."

"పిల్లనేం అడుగుతరు టీచరమ్మా? ఆమెకేం తెలుసు?"

"ఆమెకు తెల్వకపోతే మనం చూడాలె గద. ఇప్పుడు చూసిన. హాస్టల్ల కూడ గింతే. అన్నం కాడ లొల్లయితే పిల్లలు నన్ను పిలిచేటోళ్లు కాదు, ఎస్తేరును పిలిచేటోళ్లు. అన్నేండ్లు నా కండ్ల ముందటనే ఉండె. నాకు కనబడలే."

సువార్తమ్మకు ఆ మాట వింతగా తోచింది. "లొల్లి సర్దేటోళ్లకు కొలువులుంటయా?"

"యాడనో ఉంటది. ఎతకాలె" అంది శాంతకుమారి. ఆమె నాటిన వరస పాము పోయినట్టు వంకర టింకరగా ఉంది. వెనకనుంచి వచ్చిన ఎస్తేరు ఆ మొక్కలు పీకి మళ్లీ నాటుకుంటూ పోయింది. అది చూసి మొదట నవ్వింది టీచరే. చాలా రోజుల తర్వాత తల్లీ కూతుళ్లిద్దరూ నవ్వారు.

నాట్లు అయిపోగానే శాంతకుమారి తల్లినీ కూతురినీ కోదాడకు తీసుకుపోయింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పంతులమ్మ కావాలన్నారని విన్నదట. బడి నడిపే పెద్దమనిషి ఇస్త్రీ పంచె కట్టుకుని, మర్యాదగా కూర్చోబెట్టాడు. ఎస్తేరు చేత చదివించాడు, లెక్క చేయించాడు, ప్రశ్నలు అడిగాడు. అన్నీ విన్నాక కండువా సర్దుకున్నాడు.

"చదువు బాగానే ఉందండీ. తప్పు పట్టడానికి లేదు. కాకపోతే మాట దగ్గరే కొంచెం... సూడు, గీడ, గాడ అంటోంది కదా. మా పిల్లలకి అదే అంటుకుంటుందని పెద్దవాళ్లు గోల పెడతారు. మీరు ఏమీ అనుకోకండి." కాసేపు ఆగి అన్నాడు, "ఆయా పనైతే ఖాళీగా ఉంది. పిల్లలకి మంచినీళ్లు ఇవ్వడం, గదులు ఊడవడం. దానికైతే రేపట్నుంచే రమ్మనండి."

సువార్తమ్మ ప్రాణం లేచి వచ్చింది. నీడపట్టున పని, నడుం వంచి బురద తొక్కే బాధ లేదు. ఒప్పుకోమన్నట్టు టీచరు చీరకొంగు పట్టి లాగింది కూడా. శాంతకుమారి మాత్రం లేచి నిలబడి చేతులు జోడించింది.

"ఊడ్చే పని చిన్నదని నేను అననండి. కానీ దానికి మెట్రిక్ అక్కరలేదు. ఈ పిల్లకు తగిన పని అడుగుదామని వచ్చిన. ఏదో ఒక పని అడగటానికి రాలేదు. సెలవు."

బస్సుకోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు సువార్తమ్మ ఆగలేకపోయింది. ఆ మనిషిని ఎదిరించి మాట్లాడటం అదే మొదటిసారి.

"చేతికొచ్చిన ముద్దను కాదంటిరి టీచరమ్మా. మీకు జీతం వస్తది. నా బిడ్డ మళ్ల మడిల దిగాలె."

శాంతకుమారి కోపం తెచ్చుకోలేదు. దుమ్ము లేపుకుంటూ పోతున్న లారీని చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"మా అమ్మ నాలుగో తరగతి దాక చదివిందక్కా. ఆ దినాలల్ల అది పెద్ద చదువే. పని అడగవోతే చేతిల చీపురు పెట్టిన్రు. ముందు ఇది చెయ్యి, తర్వాత సూద్దాం అన్నరు. ఆ తర్వాత అనేది రాలే. చచ్చిందాక గదే చీపురు. చదివిన చదువు మరిచిపోయి, ఆఖరికి తన పేరు రాయనీకె నన్ను పిలిచేది. ఒక్కసారి చేతిల పెట్టినోళ్లు మళ్ల తీసుకోరు. నువ్వు నన్ను తిట్టినా సరే, ఎస్తేరు చేతిల దాన్ని పెట్టనియ్య."

అంతసేపూ తల వంచుకుని ఉన్న ఎస్తేరు అప్పుడడిగింది. "టీచర్, సూడు అంటే తప్పా?"

"తప్పేం లేదు. ఆయన చెవులకు అలవాటు లేదు, గంతే. నీ మాట ఎవరికి కావాలెనో గాడికి పోదాం."

ఆ చోటు మిర్యాలగూడలో దొరికింది. అక్కడ కనకమ్మ అనే సావుకారమ్మకు బియ్యం మిల్లు ఉంది. భర్త పోయాక మిల్లూ, దానికి ఆనుకుని ఉన్న సర్కారు రేషన్ డిపో ఆమె చేతికి వచ్చాయి. మరిది బద్రీనాథ్ ఊళ్లు తిరిగి ధాన్యం వ్యవహారం చూసేవాడు. కనకమ్మ కూతురు కస్తూరి ఒకప్పుడు సూర్యాపేటలో శాంతకుమారి దగ్గర చదువుకుంది. డిపోలో ఉన్న గుమాస్తా జనాన్ని తట్టుకోలేక పని మానేశాడని టీచరుకు చెప్పింది ఆ అమ్మాయే.

బియ్యం ఇచ్చే రోజున ముగ్గురూ అక్కడికి చేరుకున్నారు. డిపో ముందు జాతరలా ఉంది. కరువు రోజులు, గింజ దొరకడమే గొప్ప. దొరకదేమోనన్న భయం మనుషులను ఒకరిమీదికొకరిని నెడుతున్నది. పోయిన వారం ఒక ముసలమ్మ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుందట. మిల్లు కూలీలు కర్రలు అడ్డం పెట్టి ఆపుతున్నారు. కనకమ్మ గడప లోపల తల పట్టుకుని కూర్చుంది.

"ఈ పిల్లనా?" అంది ఎస్తేరును ఎగాదిగా చూసి. "నలుగురు మగోళ్లతోని కావట్లేదు టీచరమ్మా."

"మగోళ్లు కట్టెలతోని ఆపుతున్నరు. ఈమెకు కట్టె అక్కరలేదు. ఈ ఒక్కనాడు సూడున్రి, నచ్చకపోతే మేము పోతం." అప్పుడు శాంతకుమారి ఎస్తేరు వైపు తిరిగింది. "నీకు ఇష్టమేనా బిడ్డా? వద్దంటే వద్దు."

ఎస్తేరు ఆ గుంపును ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసింది. భయపడుతుందేమో అని సువార్తమ్మ అనుకుంది. భయం కాదు, పిల్ల కళ్లు ఒక్కొక్క మొహాన్నీ చదువుకుంటూ పోతున్నాయి. చివరికి గడప బయటినుంచే లోపలి బస్తాలను ఒకసారి చూసుకుని, కొంగు నడుముకు బిగించి, పక్కనే ఎద్దులు విప్పి ఉన్న బండిమీదికి ఎక్కి నిలబడింది.

"పెద్దలారా, జర నా మాట ఇనున్రి. గింజలు అందరికీ ఉన్నయి, లోపటి బస్తాలు నేను సూసిన. కూసున్నోళ్లకు కూడ వస్తయి, దొబ్బుకున్నోళ్లకు కూడ గన్నే వస్తయి. పసిపిల్లలున్న తల్లులు, ముసలోళ్లు ఈ పక్కకు రాన్రి. దూరం ఊళ్లనుంచి వచ్చినోళ్లు వాళ్ల ఎనుక. ఈ ఊరోళ్లు ఆఖరుకు."

ఊరివాళ్లలో గుసగుస లేచింది. తలపాగా చుట్టుకున్న ఒకాయన ముందుకొచ్చాడు. "కోడి కూయకముందు వచ్చిన నేను. ఆఖరుకు ఎందుకు నిలబడాలె?"

"మీ ఇల్లు యాడ మామా?"

"గా కనబడేదే."

నెత్తిమీద ఖాళీ సంచి వేసుకుని నిలబడ్డ లంబాడీ ఆమెను పేరూ ఊరూ అడిగి, "ఈ జమ్లీ తండా కాడినుంచి వచ్చింది" అంది ఎస్తేరు. "ఇప్పుడు బియ్యం తీసుకొని బయలెల్లినా పొద్దుగూకినంకనే ఇల్లు చేరుతది. మీరు పెద్దోళ్లు. ఎవరు ముందు తీసుకోవాలెనో మీరే చెప్పున్రి. మీరు చెప్పినట్టే చేస్త."

ఆయన ఇటూ అటూ చూశాడు. అందరూ ఆయన జవాబుకోసం ఎదురుచూస్తున్నారు. "ఆమెనే ముందు తీసుకోమను" అని తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని, తానే పోయి చివర్న కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక కూర్చోననేవాడు ఎవరూ లేకపోయారు. మిల్లు కూలీలు కర్రలు గోడకు ఆనించి, ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకున్నారు.

మధ్యాహ్నానికి కనకమ్మ బయటికి వచ్చి, అరుగుమీద నిలబడి చూసింది. చూసి చూసి, "లోపటికి రా పిల్లా" అంది. "ఎండల ఎందుకు? కొలిచి పోసేకాడ నిలబడు. ఎవరికెంతో నువ్వే సదివి, నువ్వే పొయ్యి."

అప్పుడే ఊరినుంచి వచ్చిన బద్రీనాథ్ ఆ మాట విన్నాడు. పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "వదినె, బయట నిలబెట్టిన్రు, మంచిగనే చేసింది, నేను కాదనను. ఇది లోపటి మాట. తినే గింజలు ముట్టుడంటే ఊరు ఏమంటదో ఆలోచించిన్రా? వాళ్లు ఎవరో అందరికీ తెలుసు. రేపు ఎవరన్న తీసుకపోకపోతే?"

ఆ మనిషి మాటలో కసి లేదు, వ్యాపారం దెబ్బతింటుందన్న జంకు ఉంది. కానీ మాట మాటే. అరుగు కింద నిలబడ్డ సువార్తమ్మ చెవిన పడింది, ఎస్తేరు చెవినా పడింది. పిల్ల మొహం మాడిపోయింది. శాంతకుమారి ఏదో చెప్పబోయింది. అంతకుముందే సువార్తమ్మ నోరు తెరిచింది. సావుకార్ల ముందు ఏనాడూ తలెత్తని మనిషి. తన గొంతే తనకు కొత్తగా వినబడింది.

"అయ్యా, గా బస్తాలు యాడికెల్లి వచ్చినయి?"

బద్రీనాథ్ తిరిగి చూశాడు. "చానా ఊళ్లనుంచి. గరిడేపల్లి దిక్కునుంచి కూడ వస్తయి. ఎందుకు?"

"అయితే గందుల నా చెయ్యి ఉన్నది. నారు పోసిననాడు ముట్టిన. నాటిననాడు ముట్టిన. కోసిననాడు, కొట్టిననాడు, తూర్పార పట్టిననాడు ముట్టిన. బస్తాలకెత్తి మీ బండి ఎక్కిచ్చిందాక మేమే ముట్టినం. తిన్నోళ్లకు ఎవ్వరికేం కాలే. నా బిడ్డ ముడితే ఏమైతదయ్యా?"

అంతే అంది. అని, పక్కనున్న బండి చక్రం పట్టుకుంది. బద్రీనాథ్ గోడవైపు చూస్తూ నిలబడిపోయాడు. శాంతకుమారి సువార్తమ్మ పక్కకు వచ్చి నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

కనకమ్మ మరిది వైపు తిరిగింది. "బద్రీ, ఆమె చెప్పింది ఊళ్లె ఎవరికి తెల్వదు? తెలిసే తింటున్నరు. ఇష్టం లేనోళ్లకు నువ్వు పొయ్యి. కడమోళ్లకు ఈ పిల్ల పోస్తది."

పని కుదిరిందన్న ఆనందంలో సువార్తమ్మ దండం పెట్టబోతే, టీచరు అక్కడితో ఆగలేదు. ఇదివరకటి గుమాస్తాకు ఏమిచ్చేవారో అదే ఇవ్వాలంది. కూర్చోవడానికి ఎత్తుపీట వేయాలంది. ఆదివారం ఆరాధనకు వదలాలంది. "ఇంకొక్క మాట. ఎస్తేరు అని పేరు పెట్టి పిలవాలె. ఒసే, ఏమే అనొద్దు."

కనకమ్మ నవ్వింది. "మీరు కొలువు అడగనీకె వచ్చిన్రా టీచరమ్మా, ఇయ్యనీకె వచ్చిన్రా?"

"రెండూ" అంది శాంతకుమారి.

ఎస్తేరు మిర్యాలగూడలో పాస్టరుగారి ఇంట్లో ఉండి పనికి పోయేది. మొదటి నెలలు కష్టంగానే నడిచాయి. కొన్ని ఇళ్లవాళ్లు బద్రీనాథ్ పోస్తే తప్ప సంచి పట్టేవారు కాదు. ఒకామె ఎస్తేరు పోసిన బియ్యాన్ని ఆమె కళ్లముందే వాకిట్లో కుమ్మరించి పోయింది. ఆ శనివారం సూర్యాపేటనుంచి బస్సు దిగిన శాంతకుమారి, పిల్ల కళ్లు ఉబ్బి ఉండటం చూసి, పని మానేస్తావా అని అడిగింది. మానేస్తే తప్పు పట్టనని కూడా అంది. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది. "ఆమె కుమ్మరిచ్చిన గింజలు జమ్లీ ఏరుకొని కొంగుల కట్టుకున్నది టీచర్. వచ్చే వారం అందరికన్న ముందొచ్చి నా ముందట్నే సంచి పడత అన్నది. నేను పోతే జమ్లీ మళ్ల ఎనుకకు పోతది."

టీచరు ఒక్క వారం కూడా తప్పకుండా వచ్చేది. పని ఇప్పించి చేతులు దులుపుకుంటే అది సగం పనే అని ఆమె లెక్క. డిపో అరుగుమీద ఓ మూల కూర్చుని, ఎవరితోనూ ఏమీ అనకుండా కాసేపు చూసి, ఎస్తేరుతో కలిసి టీ తాగి, చివరి బస్సుకు వెళ్లిపోయేది. ఈ సంగతులన్నీ ఎస్తేరు నోట వింటున్నప్పుడల్లా సువార్తమ్మకు ఒక్కటే ఆశ్చర్యం. కన్నతల్లినైన తనకు లేని ఓపిక ఆ మనిషికి ఎక్కడినుంచి వచ్చింది?

దసరా వెళ్లాక ఎస్తేరుకు జ్వరం తగిలింది. అది విని సువార్తమ్మ మిర్యాలగూడకు వచ్చి కూతురి పక్కన కూర్చుంది. డిపోలో బియ్యం ఇచ్చే రోజు అది. సాయంకాలానికి పాస్టరుగారి ఇంటి ముందు ఎవరో నిలబడ్డారంటే తొంగి చూసింది. బద్రీనాథ్. చొక్కా చెయ్యి చిరిగి ఉంది, జుట్టంతా దుమ్ము. లోపలికి రాలేదు, వీధిలోనే నిలబడి అడిగాడు.

"ఎట్లున్నది ఎస్తేరుకు?"

"తగ్గుతున్నదయ్యా."

"మంచిగ తగ్గినంకనే రమ్మను. తొందరేం లేదు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "కానీ జర జల్దిన తగ్గిచ్చుకోమను."

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, తల్లీ కూతుళ్లు దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వారు.

బియ్యాన్ని కుమ్మరించి పోయిన ఆ ఇంటివాళ్లు మాత్రం ఎన్నడూ మారలేదు. అలాంటి ఇళ్లు ఇంకా కొన్ని ఉండిపోయాయి. కానీ ఎస్తేరు కోలుకుని వచ్చాక డిపో ముందు మళ్లీ ఎవరూ కిందపడలేదు. బియ్యం ఇచ్చే రోజున కర్ర పట్టిన మనిషి అవసరం కూడా మళ్లీ రాలేదు.

క్రిస్మస్ సెలవుల్లో శాంతకుమారి గరిడేపల్లి వచ్చింది. కూతురి క్షేమం చెప్పడానికని అనుకుంది సువార్తమ్మ. అందుకు కాదు.

"నాతోని పెద్దవూర వస్తవా అక్కా? గాడ రంగి అని ఒకామె ఉన్నది, కూలిచేసుకునేటామె. బిడ్డ నా దగ్గర చదువుతున్నది, వచ్చే ఏడు పరీక్ష. ఇగ చాలు, మానిపిస్త అంటున్నది. నేను ఎంత చెప్పినా టీచర్లు గట్లనే అంటరు అంటది. నువ్వు చెప్తే ఇంటదేమో."

"నేనేం చెప్త టీచరమ్మా? నాకు మాటలు రావు."

"బద్రీనాథ్ సేటు ముందు వచ్చినయి గద."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. పెద్దవూరలో రంగి ఇంటి ముందు పల్లికాయ కుప్ప పోసుకుని, చెట్లనుంచి కాయ తెంపుతున్నది. టీచరును చూసి మొహం ముడుచుకుంది. సువార్తమ్మ వెళ్లి ఎదురుగా కూర్చుని, తానూ ఒక చెట్టు తీసుకుని కాయ తెంపడం మొదలుపెట్టింది. ఆ చేతుల వాటం చూసి రంగి కాస్త మెత్తబడింది.

"ఏ ఊరు మీది?"

"గరిడేపల్లి. నాటుకు, కోతకు పోత. నా బిడ్డ మిర్యాలగూడ డిపోల చేస్తది."

"చీపురు పనా?"

"కాదు. అందరికీ కొలిచి పోస్తది. ఎత్తుపీట మీద కూసుంటది." ఆ మాట అంటున్నప్పుడు సువార్తమ్మ గొంతులో గర్వం దాగలేదు. ఎస్తేరు దవాఖాననుంచి పారిపోయి వచ్చిన సంగతి చెప్పింది. కోదాడ సంగతి, తాను టీచరును రోడ్డుమీద తిట్టిన సంగతి దాచుకోకుండా చెప్పింది. వాకిట్లో కుమ్మరించిన బియ్యం సంగతి కూడా చెప్పింది. అంతా విని రంగి అడిగింది, "గిన్ని కష్టాలు పడుడు ఎందుకు మరి? మడిల దిగితే ఏ బాధా లేకపాయె."

సువార్తమ్మ చేతిలోని కాయలు కుప్పలో వేసింది. "మడిల నన్ను కూలిదానా అని పిలుస్తరు. గాడ నా బిడ్డను పేరు పెట్టి పిలుస్తరు" అంది.

రంగి కాయ తెంపుతూనే ఉంది. పొద్దు వాలేవేళకు కుప్ప సగం తరిగింది. "పరీక్ష దాక ఉండనీ, తర్వాత సూద్దాం" అంది, టీచరును కాదు, సువార్తమ్మను చూసి.

తిరుగు బస్సులో శాంతకుమారి అలసిపోయి కిటికీకి తల ఆనించింది. ఆమె చెప్పులు అరిగి, పట్టీ తెగితే దారంతో కుట్టి ఉంది. ఇన్ని నెలలుగా ఆమె వెంట తిరుగుతూ కూడా సువార్తమ్మ అది ఆనాడే గమనించింది. ఇంకా ఎంతమంది పిల్లలున్నారని అడిగింది. హాలియా దగ్గర ఒక పిల్ల ఉందనీ, నడిగూడెంలో ఒక పిల్లవాడి తండ్రి అసలు గుమ్మమే ఎక్కనివ్వడం లేదనీ చెప్పింది టీచరు.

"ముందు నడిగూడెం పోదాం" అంది సువార్తమ్మ. "కోతలు మొదలైతే నాకు తీరదు."